తారీఖుల వారీగా జర్మనీ

మా మామయ్య గోపాల్‌రావు గారు జర్మనీ ప్రయాణానికి వేసిన దారి చూసి ముందు నవ్విందీ నేనే, తర్వాత అరిచిందీ నేనే.

జూన్ నెలలో ఒక శనివారం పొద్దున. లండన్ పక్కన హేస్‌లో మా ఇంటి వంటగదిలో, టేబుల్ నిండా ఆయన పెద్ద చార్టు పరిచారు. అది చుట్టుకుపోకుండా నాలుగు మూలలా ఉప్పు డబ్బా, పచ్చడి సీసా, మా ఆయన ఫోను, ఒక మామిడిపండు పెట్టారు. చార్టు మీద యూరప్ పటం ఉంది. దేన్నీ చూసి గీసింది కాదు. ముప్పై ఒక్క ఏళ్ళు కరీంనగర్ దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెప్పిన మనిషి ఆయన. అద్దాలు లేకుండా పేపరు చదవలేరు గానీ, అద్దాలు లేకుండా డాన్యూబ్ నది గీస్తారు.

"చదువమ్మా ప్రవల్లికా" అన్నారు.

చదివాను. హేస్ నుంచి వైమార్. వైమార్ నుంచి మ్యూనిక్. మ్యూనిక్ నుంచి బెర్లిన్. బెర్లిన్ నుంచి న్యూరెంబర్గ్. అక్కణ్ణుంచి మళ్ళీ బెర్లిన్. మళ్ళీ మ్యూనిక్. మళ్ళీ బెర్లిన్. ఆ తర్వాత హాంబర్గ్, డ్రెస్డెన్, ఇంకోసారి బెర్లిన్, ఇంకోసారి న్యూరెంబర్గ్. చివర్లో ఇల్లు.

"మామయ్యా, బెర్లిన్‌కి నాలుగుసార్లు ఎందుకు?"

"ఒక్కోపారి ఒక్కో సంవత్సరమమ్మా."

అప్పుడు గమనించాను. ప్రతి ఊరి పక్కనా ఎర్ర సిరాతో ఒక తారీఖు ఉంది. వైమార్ 1919, రాజ్యాంగం. మ్యూనిక్ 1923, విఫలమైన తిరుగుబాటు. బెర్లిన్ 1933, పార్లమెంటుకు నిప్పు. న్యూరెంబర్గ్ 1935, కొత్త చట్టాలు. బెర్లిన్ 1936, ఒలింపిక్స్. మ్యూనిక్ 1938, ఒప్పందం. బెర్లిన్ 1939, యుద్ధం మొదలు. ఇలా యుద్ధం అయ్యాక నేరస్థులను విచారించిన న్యూరెంబర్గ్ కోర్టు దాకా పదకొండు మజిలీలు. చరిత్ర ఏ వరుసలో జరిగిందో మా కారు కూడా అదే వరుసలో పోవాలన్నమాట.

"బెర్లిన్ పోయినప్పుడే ఆ నాలుగూ చూసేయొచ్చు కదా?"

మామయ్య నన్ను వెనక బెంచీ పిల్లను చూసినట్టు చూశారు. "ముప్పై మూడు చూసి, పక్క సందుల నలభై ఐదు చూస్తే, నడుమ పన్నెండేండ్లు ఎటు పోయినట్టు? పెండ్లి పత్రిక చదివి సీదా మనవని పేరు పెట్టే ఫంక్షన్‌కు పోతమా?"

నేను ఫోన్లో మైళ్ళు కూడి చూశాను. నాలుగు వేలు దాటింది. ఇంకో రెండు వేలు కలిపితే ఆ కారులోనే కరీంనగర్ చేరతాం. అప్పుడే అరిచాను.

అరవడానికి నాకు కారణం ఉంది. మా ఇంట్లో కారు నడిపేది నేనొక్కదాన్నే. మా ఆయన నవదీప్ డ్రైవింగ్ టెస్టు మూడుసార్లు తప్పి, నాలుగోసారి పోకుండా, కార్ల వల్ల భూమి వేడెక్కుతోందని చెప్పడం మొదలుపెట్టాడు. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడట వెనకటికొకడు. అంచేత ఈ నాలుగు వేల మైళ్ళూ నా కాళ్ళ మీదే పడతాయి.

"నవదీప్, నువ్వేం మాట్లాడవేంటి?" అన్నాను.

"బాపు చెప్పింది లాజికల్‌గానే ఉన్నది" అన్నాడు. నేను చూసిన చూపుకి వెంటనే, "నువ్వు చెప్పింది కూడ లాజికల్‌గానే ఉన్నది" అన్నాడు. అడకత్తెరలో పోకచెక్కకైనా అంత జాలి ముఖం ఉండదు.

మా అమ్మాయి వర్షితకి పదిహేనేళ్ళు. స్కూల్లో హిస్టరీ తీసుకుంది. టోస్టు నములుతూ చార్టు మీదికి వంగి, "తాతా, ఇది హాలిడే కాదు, రివిజన్" అంది. ఆ ఒక్క 'తాతా' తప్ప అంతా ఇంగ్లిష్‌లోనే. మేం తెలుగులో అడుగుతాం, అది ఇంగ్లిష్‌లో జవాబిస్తుంది. మా ఇల్లంతా అలాగే నడుస్తుంది.

అత్తమ్మ లక్ష్మీబాయి చిక్కుడుకాయలు తుంచుతూ తల కూడా ఎత్తలేదు. "నేను కాపురానికొచ్చిన నాటి నుంచి ఈ యుద్ధం మా ఇంట్లనే ఉన్నది. ఎన్నిపార్లయితే అన్నిపార్లు తిప్పు బిడ్డా. ఒక్కపారి చూసొస్తే మనిషి సల్లవడుతడు" అంది.

ఆమె అన్నదీ నిజమే. ఈ ఏడు మామయ్య, అత్తమ్మ మా దగ్గర నాలుగు నెలలు ఉండటానికి వచ్చారు. లండన్ ఆయన్ని పెద్దగా కదిలించలేదు. రాణిగారి కోట చూపిస్తే "మంచిగున్నది" అన్నారు, అంతే. కానీ బయల్దేరకముందే మాకెవరికీ చెప్పకుండా హైదరాబాద్‌లో జర్మనీ వీసా వేయించుకొని వచ్చారు. కారు పోతుందా, లీవు దొరుకుతుందా, ఏదీ తెలియకుండానే. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే. దిగిన రోజు పాస్‌పోర్టు తెరిచి ఆ వీసా చూపిస్తున్నప్పుడు ఆయన ముఖం చూసి, సరే పోదాం అని నోరు జారింది కూడా నేనే. పాఠం చెప్పిన ప్రతి ఊరినీ ఒక్కసారి కళ్ళారా చూడాలన్నది ఆయన కోరిక. వేరే కోరిక ఏదీ ఆయన నోటి నుంచి నేనెప్పుడూ వినలేదు.

చిక్కల్లా రోజులతో. నేను ఎయిర్‌పోర్టు దగ్గర, విమానాల్లో పెట్టే భోజనం తయారుచేసే ఒక పెద్ద వంటశాలలో రోటా వేస్తాను. నూట నలభై మంది ఎవరు ఏ షిఫ్టుకి రావాలో, ఎవరికి ఎప్పుడు లీవో రాసేది నేను. ఆగస్టులో ఎవరికీ వారం కంటే ఎక్కువ లీవు లేదని మార్చిలో నోటీసు పెట్టిందీ నేనే. ఎవరు తీసిన గోతిలో వాళ్ళు పడటం అంటారే, నేను పడటమే కాదు, సంతకం పెట్టి మరీ పడ్డాను. రెండు వైపులా శని, ఆదివారాలు కలుపుకుంటే మొత్తం తొమ్మిది రోజులు.

మామయ్య చేతిలో ఎర్ర పెన్ను ఉంది. అది చూపించి చెప్పాను. "తొమ్మిది రోజులు. రెండు వేల ఐదు వందల మైళ్ళు. ఒక్క మైలు ఎక్కువైనా నేను నడపను. ఏం కొట్టేస్తారో మీ ఇష్టం మామయ్యా."

"సిలబస్ తగ్గియ్యమంటున్నవు" అన్నారాయన.

"అనుకోండి."

ఆయన చార్టు చుట్టుకొని పైకి వెళ్ళారు. ఆ రోజంతా మెట్ల మీద నుంచి స్కేలు చప్పుడు వినబడుతూనే ఉంది.

మరుసటి రోజు ఆదివారం. నేను లేచేసరికి చార్టు మళ్ళీ టేబుల్ మీద ఉంది. కూడి చూశాను. రెండు వేల నాలుగు వందల ఇరవై. నాకు భలే గర్వమేసింది. కొంచెం గట్టిగా అంటే ఎంత పనైనా అవుతుందనుకున్నాను. టీ తాగుతూ రెండోసారి చూస్తే అసలు సంగతి తెలిసింది. ఆయన ఏ ఊరినీ దగ్గరకు జరపలేదు, ఏ రెండింటినీ కలపలేదు. వైమార్, మ్యూనిక్, బెర్లిన్, న్యూరెంబర్గ్, మళ్ళీ బెర్లిన్, అన్నీ అలాగే వరుసలో ఉన్నాయి. 1936 తర్వాత మాత్రం అడ్డంగా ఒక ఎర్ర గీత. కింద ముత్యాల్లాంటి అక్షరాలతో ఒక వాక్యం: 'మిగిలిన పాఠములు విద్యార్థులు స్వయముగా చదువుకొనవలెను.'

అంటే యుద్ధం చూద్దామని పోయి, యుద్ధం మొదలవకముందే ఇంటికి తిరిగొస్తాం. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మైళ్ళు సరిపోయాయి కదా, ఇంక గొడవ ఎందుకులే అని ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ మధ్యాహ్నం భోజనానికి మస్తాన్ వచ్చాడు. మస్తాన్ మామయ్య శిష్యుడు, తొంభై తొమ్మిది టెన్త్ బ్యాచ్. హేస్‌లోనే మాకు రెండు వీధుల అవతల ఉంటాడు, పెద్ద లారీ నడుపుతాడు. నెలకు రెండుసార్లు సముద్రం కింద రైలెక్కించి లారీని జర్మనీ దాకా తీసుకుపోతాడు. స్కూల్ వాట్సాప్ గ్రూపులో సార్ వచ్చారని తెలిసిన దగ్గర్నుంచి ప్రతి ఆదివారం ఏదో ఒకటి పట్టుకొని వస్తాడు. మామయ్య గదిలోకి రాగానే ఆరడుగుల మనిషి సోఫాలోంచి లేచి నిలబడతాడు. కూర్చోమంటే గానీ కూర్చోడు.

మా ప్రయాణం సంగతి వినగానే ముందు నాకు క్లాసు తీసుకున్నాడు. "వదినా, అక్కడ కుడిదిక్కు నడుపుతరు, మన బండ్ల లైట్లు ఎదురొచ్చేటోళ్ళ కండ్లల్ల కొడుతయి. లైట్ల మీద స్టిక్కర్లు పెట్టాలె. ఎర్ర త్రిభుజం బోర్డు, పచ్చ జాకెట్లు, ఫస్ట్ ఎయిడ్ డబ్బా బండిల ఉండాలె. కొన్ని ఊర్లలకు పోవాలంటే బండి పొగ తక్కువ ఇడుస్తదని చెప్పే స్టిక్కర్ ఆన్‌లైన్‌ల ముందే తెప్పించుకోండ్రి. ఇగ ఆదివారం దుకాణాలు బందు. పాలు, బ్రెడ్డు శనివారమే కొనుక్కోవాలె. స్పీడ్ లిమిట్ లేదని చెప్తరు గని అంతట గట్ల ఉండదు."

నేను రాసుకున్నాను. అత్తమ్మ పెరుగు వడ్డిస్తూ, "చూసినవా, చెప్తే రాసుకునేటోళ్ళు గావాలె" అని కొడుకు వైపు చూసింది. నవదీప్ ఆ పెరుగు మీదే దృష్టి పెట్టాడు.

చేతులు కడుక్కొని వచ్చి మస్తాన్ చార్టు దగ్గర నిలబడ్డాడు. పైనుంచి కిందికి చదువుకుంటూ వచ్చాడు. ఆ ఆఖరి వాక్యం దగ్గర ఆగి, ఒక్కసారిగా టేబుల్ పట్టుకొని నవ్వడం మొదలుపెట్టాడు.

"సార్, ఇక్కడ కూడ సిలబస్ కాలేదా?"

"ఏంది మస్తాన్?" అన్నాడు నవదీప్.

"మా బ్యాచ్‌కు గిట్లనే అయింది. సార్ క్లాసంటే సినిమా లెక్కుండేది. బోర్డు మీద పటం గీసి, సైన్యాలు ఎటు పోతున్నయో రంగు చాక్‌పీసులతోని బాణాలు పెడుతుంటే బెల్లు కొట్టినా లేవకపోదుం. పంతొమ్మిది వందల నలభై రెండు దాక వచ్చినం. మార్చి నెల వచ్చింది. మిగిలింది చదువుకోండ్రి అన్నరు సార్. నేనెక్కడ చదివిన? పబ్లిక్ పరీక్షల గదే క్వశ్చన్. రెండవ ప్రపంచ యుద్ధ ఫలితములను వ్రాయుము, నాలుగు మార్కులు." మస్తాన్ కళ్ళు తుడుచుకున్నాడు. "హిట్లర్ గెలిచిండని రాసిన సార్. సగం పేజీ రాసిన. క్లాసు ఆగేటాల్లకు ఆయననే గెలుస్తుండె మరి."

వర్షితకి తెలుగు హాస్యం ఎప్పుడూ ఒక నిమిషం ఆలస్యంగా అందుతుంది. ఈసారి అందరికంటే ముందు అందింది. కుర్చీలోంచి జారి కింద కూర్చొని నవ్వింది. నవదీప్ నవ్వాడు, అత్తమ్మ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది, నాకు పొట్టలో నొప్పి వచ్చింది. మామయ్య కూడా నవ్వారు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"నిజంగ గట్ల రాసినవా?" అన్నారు.

"రాసిన సార్."

ఆయన చెప్పులేసుకొని వెనక తోటలోకి వెళ్ళిపోయారు.

మస్తాన్ ముఖం వాడిపోయింది. "వదినా, సార్‌కు కోపమొచ్చిందా?" అని అడిగాడు. నాకూ తెలియదు. అత్తమ్మ మాత్రం గిన్నెలు సర్దుతూ మెల్లగా అంది. "కోపం గాదు బిడ్డా. ప్రతి ఏడు మార్చి నెలల ఆయనకు గట్లనే అయితది. రెండు దినాలు అన్నం సరిగ తినడు. నేను పరీక్షల పని అనుకుంటుంటి."

నేను తోటలోకి వెళ్ళాను. మా తోట పెద్దదేం కాదు. చాపంత గడ్డి, ఒక బెంచీ, పైన పది నిమిషాలకో విమానం. మామయ్య బెంచీ మీద కూర్చొని ఉన్నారు. పక్కన కూర్చున్నాను. మాట్లాడతారని ఎదురు చూశాను. ఒక విమానం పోయింది. ఇంకొకటి పోయింది.

"సిలబస్ ఎన్నడూ మిగలలేదమ్మా" అన్నారు చివరికి. "నేనే మిగిల్చిన."

"మిగల్చడం ఏంటి మామయ్యా?" అన్నాను.

"దినాలు సాలలేదని హెడ్‌మాస్టర్‌కు చెప్పిన, పిల్లలకు చెప్పిన, మీ అత్తకు చెప్పిన. సాలక కాదు. జనవరి నుంచే నెమ్మదిగ నడిపిస్తుంటి. నెపోలియన్‌కు వారం ఎక్కువ. పటం గీసుడుకు మూడు దినాలు. ఎందుకంటే ఆ ఆఖరి పాఠంల యుద్ధమొక్కటే లేదు. యూదుల ఇండ్లల్లకెల్లి మనుషులను పట్టుకపోయి, రైళ్ళల్ల ఎక్కించి చావు క్యాంపులకు తోలిన సంగతి ఉన్నది. పిల్లలతోని సహా. నా ముందల బెంచీ మీద అదే ఈడు పిల్లలు కూసోని, నా దిక్కు చూసుకుంట ఉంటరు. ఏ యుద్ధం ఏ తారీఖున అయిందో చెప్పుడు అల్కగ. ఇది ఎట్ల చెప్పాలె? చెప్పినంక వాళ్ళు ఇంటికి పోయి అన్నం ఎట్ల తినాలె? అందుకనే చదువుకోండ్రి అని తప్పించుకున్న. ముప్పై ఒక్క బ్యాచులు."

ముందు రోజు టేబుల్ దగ్గర నిలబడి, కొట్టేయండి కొట్టేయండి అని ఆయన మీద కేకలేసింది నేనే.

"మరి వీసా ఎందుకు వేయించుకున్నారు మామయ్యా?"

"పోయి నిలబడి చూస్తే చెప్పొస్తదేమో అనుకున్న. ఆ కోర్టు చూడాలె, ఆ పని చేసిన మనుషులను నిలబెట్టి అడిగిన జాగ చూడాలె అనుకున్న. తీరా నువ్వు తగ్గియ్యమనంగనే పెన్ను మల్ల అటే పోయింది. అలవాటైంది చేతికి."

వెనక అడుగుల చప్పుడయింది. వర్షిత రెండు ఐస్‌క్రీములు పట్టుకొని వచ్చి నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి వింటోందో తెలియదు. ఒకటి తాత చేతిలో పెట్టి, గడ్డిలో కూర్చుంది.

"వి డిడ్ దట్, తాతా. లాస్ట్ ఇయర్, స్కూల్లో."

"ఏంది?"

"ఆ పాఠం." ఈ రెండు ముక్కలు తెలుగులో అంది. మిగతాది దాని ఇంగ్లిష్‌లో చెప్పుకుపోయింది. వాళ్ళ మిస్ మొదటి రోజే ఒక ఫోటో చూపించిందట. న్యూరెంబర్గ్ కోర్టులో నిందితులు కూర్చునే బెంచీలు. వీళ్ళు ఏం చేశారని ఇక్కడ కూర్చోబెట్టారు అని అడిగిందట. అది చెప్పుకోవడానికే వాళ్ళకు ఆ ఏడంతా పట్టిందట.

మామయ్య ఐస్‌క్రీము సంగతి మర్చిపోయారు. "మొత్తం చెప్పిందా? రైళ్ళు, క్యాంపులు?"

"మొత్తం."

"నీకప్పుడు ఎన్నేండ్లు?"

"ఫోర్టీన్."

"పద్నాలుగేండ్ల పిల్లలకు" అన్నారాయన. "విన్నంక ఏం జేసిన్రు మీరు?"

వర్షిత వేళ్ళు మడుస్తూ చెప్పింది. "కొంతమంది ఏడ్చారు. మిస్ కూడా ఏడ్చింది. చాలా క్వశ్చన్స్ అడిగాం. తర్వాత లంచ్‌కి వెళ్ళాం."

"తర్వాత లంచ్‌కు పోయిన్రు" అన్నారు మామయ్య. మళ్ళీ అన్నారు. "ఏడ్చిన్రు, అడిగిన్రు, తర్వాత లంచ్‌కు పోయిన్రు." మూడోసారి అనేటప్పటికి ముఖంలో నవ్వు వచ్చింది. ఐస్‌క్రీము కరిగి చొక్కా చేతిలోకి కారుతోంది. ఆయనకు తెలియనే లేదు.

తలుపు దగ్గర మస్తాన్ నిలబడి ఉన్నాడు. చేతులు కట్టుకొని, తప్పు చేసినవాడిలా. "సార్, ఆ నాలుగు మార్కుల సంగతి నేనెప్పుడో మర్చిపోయిన. నవ్వుదామని చెప్పిన."

"నువ్వు మర్చిపో. నేను మర్చిపోవద్దు" అన్నారు మామయ్య. "మీరు తట్టుకోలేరని అనుకున్న మస్తాన్. మీరంతా చిన్నపిల్లలని. తట్టుకోలేంది నేను."

మస్తాన్ తల గోక్కున్నాడు. "అయితే ఇప్పుడు చెప్పుండ్రి సార్. సాయంత్రం దాక ఖాళీనే."

మామయ్య గట్టిగా నవ్వారు. "ఇప్పుడు రాదు. నేర్చుకోవాలె."

అందరం లోపలికి వచ్చాం. ఈసారి ఎర్ర పెన్ను నేను తీసుకున్నాను. నూట నలభై మందికి షిఫ్టులు సర్దేదాన్ని, పదకొండు మజిలీలు సర్దలేనా? వరుస సంగతి తర్వాత చూద్దాం, ముందు మీరు దేన్ని చూడకుండా రాకూడదో దాన్ని మొదట పెడదాం అన్నాను. శనివారం పొద్దున్నే బయల్దేరి రైలెక్కి, బెల్జియంలో పడుకొని, ఆదివారం సాయంత్రానికి న్యూరెంబర్గ్. సోమవారం కోర్టు. అక్కడే 1935 కూడా అయిపోతుంది. తర్వాత మ్యూనిక్, డ్రెస్డెన్, బెర్లిన్‌లో రెండు రోజులు. వచ్చేటప్పుడు హాంబర్గ్. వైమార్ ఒక్కటీ వదిలేశాను. కూడితే రెండు వేల మైళ్ళు కూడా కాలేదు.

మామయ్య చూసి తల అడ్డంగా ఊపారు. "ఆఖరుది మొదలు పెట్టుడు ఏందమ్మా? తీర్పు చెప్పి నేరం చూపిస్తమా?"

"మా మిస్ అలాగే చెప్పింది" అంది వర్షిత.

ఆయన ఆ కాగితం వంక చాలాసేపు చూశారు. ముప్పై ఒక్క ఏళ్ళ అలవాటు ఒక్క మధ్యాహ్నంలో పోతుందా అని నేను భయపడ్డాను. అత్తమ్మ కూడా పని ఆపి చూస్తోంది. చివరికి, "మంచి టీచరమ్మా మీ టీచరు" అన్నారు. తర్వాత నా చేతిలోంచి పెన్ను తీసుకోకుండానే, మ్యూనిక్ మీద వేలు పెట్టారు. "దీని పక్కన చిన్న ఊరు ఒకటున్నది. డాకౌ. అక్కడ క్యాంపు ఉండె. నా చార్టుల లేదు. రాయి."

పదకొండు మజిలీల్లో ఒక్క క్యాంపు కూడా లేదని నేను అప్పుడే చూశాను. రాశాను.

మస్తాన్ అప్పటికే ఫోన్లో ఎవరితోనో ఇంగ్లిష్‌లో బేరమాడుతున్నాడు. ఆగస్టు రెండో వారంలో హాంబర్గ్ లోడు ఇంకొకరికి ఇచ్చి, న్యూరెంబర్గ్ లోడు తనకు వేయమని. ఫోను పెట్టేసి, "సోమవారం పొద్దున పది గంటలకు కోర్టు కాడ ఉంట సార్. బండి ఊరి బయట పెట్టి బస్సుల వస్త" అన్నాడు. లారీ డ్రైవరు బస్సులో పాఠానికి వస్తాడట. అత్తమ్మ అతనికి కూడా ఒక పెట్టె పులిహోర కట్టాలని అప్పుడే లెక్క వేసుకుంది. నవదీప్ ఈ ఊపులో తన గౌరవం కూడా కొంత నిలబెట్టుకుందామనుకొని, పచ్చ జాకెట్లు తానే కొంటానన్నాడు. ఎవరూ కాదనలేదు.

ఆ మర్నాటి నుంచి మా ఇంట్లో ట్యూషన్ మొదలైంది. వర్షిత నాలుగింటికి స్కూలు నుంచి వస్తుంది, బూట్లు విప్పి, కార్న్‌ఫ్లేక్స్ గిన్నె పట్టుకొని టేబుల్ దగ్గర కూర్చుంటుంది. మామయ్య అప్పటికే రెండు వందల పేజీల నోటుబుక్కు తెరిచి, మార్జిను గీసుకొని సిద్ధంగా ఉంటారు. అది చెబుతుంది, ఆయన రాసుకుంటారు. అర్థం కాకపోతే చెయ్యెత్తుతారు. హోంవర్క్ కూడా ఇస్తుంది. ఒకరోజు ఆయన చేసిన హోంవర్క్‌కి పదికి ఆరు వేసింది. మిగతా నాలుగు ఎందుకు పోయాయని ఆయన అరగంట వాదించారు. నేను వంటగదిలో గరిటె పట్టుకొని నవ్వుతూ విన్నాను. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో మా ఇల్లు అంత సంతోషంగా ఉండటం నేను చూడలేదు.

అత్తమ్మకు ఇంగ్లిష్ రాదు. నాకు కూడ అర్థమయ్యేటట్టు చెప్పు అని రెండో రోజే మనవరాలి మీద కేకలేసింది. అప్పట్నుంచి వర్షిత తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. తప్పులతో, మధ్యలో ఆగుతూ, మాట దొరక్క నా వైపు చూస్తూ. పదిహేనేళ్ళుగా నేను బతిమాలి, బెదిరించి, బహుమతులు ఆశచూపి సాధించలేనిది ఆ టేబుల్ దగ్గర అయిపోయింది.

శుక్రవారం నాడు దాని గొంతు తగ్గింది. పొయ్యి మీద పప్పు తాలింపు వేస్తున్నాను. మాటలు సరిగా వినబడలేదు. రైలు అన్న మాట వినబడింది. చిన్న పిల్లలు అన్న మాట వినబడింది. ఆ తర్వాత ఏమీ వినబడలేదు. తొంగి చూశాను. వర్షిత పుస్తకం మీద చెయ్యి పెట్టి తాత ముఖంలోకి చూస్తోంది. ఆయన పెన్ను కింద పెట్టేశారు. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. అత్తమ్మ ఆయన భుజం మీద చెయ్యి వేసి కూర్చుంది.

"ఆపాలా తాతా?" అంది వర్షిత.

మామయ్య కండువాతో ముఖం తుడుచుకున్నారు. మళ్ళీ పెన్ను తీసుకున్నారు.

"వద్దు బిడ్డా. చెప్పు" అన్నారు.

నేను పొయ్యి ఆపేసి, వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చున్నాను.